మా ఊరి ఆఖరి సర్పంచక్క

పోయిన శుక్రవారం పొద్దున అమ్మవారి ముందు దీపం పెట్టి లేస్తుండగా మా తోడికోడలు గడప దగ్గరే నిలబడి, "సర్పంచక్క పోయిందంట" అంది. చేతిలోని హారతి పళ్లెం ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మా ఊరికి పంచాయతీ లేకుండా పోయి ఏళ్లయింది. పక్క టౌను మున్సిపాలిటీలో కలిసి మాదీ ఒక వార్డయింది. అయినా ఆమెను మేమెవరం వేరే పేరుతో పిలవలేదు.

సర్పంచి సీటు ఆడవాళ్లకు వచ్చిన ఏడాది నిలబడి గెలిచింది. మొదటి మీటింగులో వాళ్లాయన ముందే వెళ్లి సర్పంచి కుర్చీలో కూర్చుంటే, "నువ్వు బయట కూర్చో మామా, అయినాక ఇద్దరం కలిసి ఇంటికి పోదాం" అంది. అందరితో పాటు ఆయనా నవ్వాడు. ఏ తీర్మానమైనా గుమాస్తాతో రెండుసార్లు చదివించుకుని గానీ సంతకం పెట్టేది కాదు. "మొదటిసారి వాళ్లు చెప్పింది వింటా. రెండోసారి చెప్పంది వింటా" అనేది.

ఊరిని కలిపే తీర్మానం కోసం బడి వరండాలో గ్రామసభ పెట్టారు. సముద్రం దగ్గర కాబట్టి మా బోర్లన్నీ ఉప్పునీళ్లే. మున్సిపాలిటీలో కలిస్తే పైపుల్లో మంచినీళ్లు వస్తాయన్నారు. కానీ ఉపాధి హామీ పని పల్లెలకే, ఇక మాకు ఉండదు. ఎండాకాలం మా ఆడవాళ్లకు ఆ పనే ఆధారం. అక్క కాగితం పక్కన పెట్టి మా వైపు తిరిగింది.

"తలకాయలూపితే నాకు తెలవదు. నోరు తెరిచి చెప్పండమ్మే. నీళ్లా, పనా?"

"నీళ్లేక్కా" అన్నాం. నేనూ అన్నాను.

ఆ ఎండాకాలమే పని ఆగిపోయింది. పైపు పెద్ద వీధి దాకా వచ్చి నిలిచిపోయింది. మాది చివరి వీధి. రెండో వేసవికి ఓర్చుకోలేక పెద్ద వీధిలోని ఆమె వాకిట్లో నిలబడి, "పనీ పాయె, నీళ్లూ రాకపాయె. నీ సంతకంతో మాకేం ఒరిగిందక్కా?" అనేశాను. ఎవరినీ ఒక మాట అని ఎరగనిదాన్ని. ఆమె నా చంకలోని బిందె తీసుకుని తన కొళాయి కింద పెట్టింది.

ఆ సోమవారం నన్ను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. "మీరెవరమ్మా?" అని గుమాస్తా అడిగితే, "ఈ అమ్మి పక్క వీధిదాన్ని" అంది. బయటికొచ్చాక, సర్పంచిగా చేశానని చెప్పలేదేమని అడిగాను.

"లేని కుర్చీ పేరు చెబితే నవ్వుతారు. పక్క వీధిదాన్నంటే ఎవురూ కాదనలేరు గదమ్మే!"

అలా ఎన్ని సోమవారాలు అర్జీ పట్టుకుని ఆటో ఎక్కామో! చివరికి మా వీధికీ పైపు వచ్చింది. కొళాయికి పసుపు కుంకుమ పెట్టి తిప్పాను. అక్క దోసిట్లో పట్టి తాగి, "తియ్యగుండాయి" అంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "నీళ్లు తెచ్చినా గానీ, మీ పని మటుకు తేలేకపోయినా" అంది. ఆ రోజు నీళ్లే కావాలన్నవాళ్లలో నేనూ ఉన్నానక్కా, నీ తప్పేం లేదు అని చెప్పాల్సింది. ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను. ఇప్పుడు రోజూ దేవుడితో చెప్పుకుంటున్నాను.

ఆడవాళ్లం వీధి చివరి దాకా సాగనంపాం. అక్కడే శ్మశానం దారికి అడ్డంగా కాలువ ఉంది. ఒకప్పుడు ఉపాధి పనిలో ఏటా మేమే పూడిక తీసేవాళ్లం. ఇప్పుడు నిండా తుంగ. మోసేవాళ్లు మోకాళ్ల లోతు బురదలోకి దిగారు.

"మన పని ఉంటే ఇట్టా వదిలేవాళ్లమా?" అంది మా తోడికోడలు.

పాడె తుంగలో ఒరిగి కాసేపు కనబడకుండా పోయింది. తర్వాత పూలదండల నుంచి నీళ్లు కారుతూ అవతలి గట్టు మీదికి లేచింది. ఇవతల మేమంతా ఉత్త చేతులతో నిలబడి ఉన్నాం.