పులుసు తొణకని కారు

లేదు, ఒప్పుకోను. స్పీడు ఎర్ర కారుదే, శబ్దం ఎర్ర కారుదే, మలుపుల్లో పట్టు కూడా దానిదేనని మా తమ్ముడు పొద్దున్నుంచి పద్నాలుగు మెసేజ్‌లు పెట్టి నాకు నేర్పక్కర్లేదు. ఆ రెండు కార్లలోనూ కూర్చున్నదాన్ని నేను. వాడప్పుడు వ్యాన్ వెనక సీట్లో పాలసీసా పట్టుకుని నిద్రపోతుండేవాడు. ఇంకో మూడేళ్లకి వాడికి లైసెన్స్ వస్తుందట, ఆ లోపు మా ఆకుపచ్చ కారుని కూడా ఎర్ర కారులా ట్యూన్ చేయించాలట, డాడీని సగం ఒప్పించాడు కూడా. వాడికి జవాబు టైప్ చేద్దామని అమెరికాలో క్యారీ అనే ఊళ్లో ఉన్న మా ఇంటి గరాజ్‌లోకి వచ్చి ఆకుపచ్చ కారులో కూర్చున్నాను. పెట్రోలు, పాత తోలు, చెమ్మ పట్టిన కార్పెట్, వీటన్నిటి అడుగున సన్నగా చింతపండు, మెంతుల వాసన. ఈ కారులో ఒక్క చుక్క కూడా ఎన్నడూ ఒలకలేదు. ఎన్నో ఆదివారాల ఆవిరి పట్టిన వాసన అది.

రెండూ ఒకే మోడల్, ఇంగ్లండ్‌లో తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్ కార్లు, వయసులో డాడీకి దగ్గర దగ్గర. డాడీది ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండేది: మెత్తటి స్ప్రింగులు, సన్నటి టైర్లు, చలికాలం పొద్దుటి పూట రెండు మూడు సార్లు దగ్గి గానీ స్టార్ట్ కాని ఇంజన్. మా చర్చిలో డాడీకి ప్రాణస్నేహితుడు ప్రభుదాస్ అంకుల్‌ది ఎర్రది. అదే బాడీ, అవే తలుపులు, కానీ లోపల ఇంజన్ విప్పి మళ్లీ కట్టించారు, పెద్ద కార్బ్యురేటర్లు పెట్టించారు, గట్టి స్ప్రింగులు వేయించి నేలకి ఆనేంత కిందికి దించారు. అంకుల్ రెండు వీధుల అవతల ఉండగానే మా కిటికీ అద్దాలు అదిరేవి.

మా తెలుగు చర్చికి అప్పట్లో సొంత బిల్డింగ్ లేదు. అమెరికన్ల చర్చి హాలు అద్దెకి తీసుకుని, వాళ్ల ఆరాధన అయ్యాక మేం మొదలుపెట్టేవాళ్లం. తర్వాత భోజనాలు, తలా ఒక వంటకం. చేపల పులుసు మమ్మీది. వ్యాన్‌లో తమ్ముడు, వాడి స్ట్రోలర్, కీబోర్డు, మూడు రైస్ కుక్కర్లు ఎక్కేసరికి చోటుండేది కాదు కాబట్టి పులుసు గిన్నె తువ్వాలు చుట్టి నా ఒళ్లో పెట్టి, నన్ను ఆకుపచ్చ కారులో డాడీ పక్కన కూర్చోబెట్టేవారు. వసంతంలో పైన్ చెట్ల పసుపు పుప్పొడి అద్దం మీద పొరలా పడేది, ఆగస్టులో సీటు తోలు తొడలకి అంటుకునేది, ఆకులు రాలే రోజుల్లో జుట్టు నిండా ఆకులే. ఒళ్లో గిన్నె వెచ్చగా, పిల్లిపిల్లలా ఉండేది. వారమంతా ఆఫీస్ ఫోన్‌లోనే ఉండే డాడీ ఆ ఇరవై నిమిషాలు మాత్రం నాతోనే మాట్లాడేవారు.

భోజనాలయ్యాక పిల్లలం పార్కింగ్ లాట్‌లో పైన్ కాయలతో ఫుట్‌బాల్ ఆడుకుంటుంటే అంకుళ్లంతా రెండు కార్ల బానెట్లు ఎత్తి చుట్టూ మూగేవారు.

"బ్రదర్, ఇంకా ఈ ఎడ్లబండేనా? రెండు వీకెండ్లు నాకివ్వండి, దీన్ని కూడా మనిషిని చేస్తా," అనేవారు ప్రభుదాస్ అంకుల్.

డాడీ నవ్వేవారు. కానీ ఆ నవ్వు వారం వారం మెత్తబడుతోందని నాకు తెలుస్తూనే ఉండేది. కుదుపులకి ఒలికిపోతాయని ఎర్ర కారులో వంటలు ఎక్కించరని కూడా తెలుసు. అంకుల్ భార్య రూత్ ఆంటీ తన బగారన్నం ఎప్పుడూ వేరే కారులో తెచ్చుకునేది. ఆకుపచ్చది ఎర్రదానిలా అయితే పులుసు వ్యాన్‌లోకి పోతుంది, దాంతోపాటు నేనూ. నా సీటు పోతుంది.

నాకు తొమ్మిదేళ్లున్నప్పటి ఈస్టర్‌కి డాడీ అంకుల్‌తో తేల్చేశారు. "మీ కారులో పులుసు ఒలక్కుండా చర్చికి చేరితే రేపే నా కారు ట్యూనింగ్‌కి మీకప్పజెప్తా." మమ్మీ నన్ను ఎర్ర కారెక్కించి గిన్నె ఒళ్లో పెట్టి, "ఒలికిందో, నీకూ అంకుల్‌కీ ఇవాళ మజ్జిగన్నమే," అంది.

అంకుల్ ఆ రోజు పసిబిడ్డని ఎత్తుకెళ్తున్నట్టు నడిపారు. రోడ్డులో ప్రతి అతుకూ నా వెన్నులో పొడిచింది, మూత టకటకలాడింది, వెనక కార్లు హారన్లు కొట్టాయి. పులుసు మాత్రం ఒలకలేదు. చర్చి బోర్డు కనిపించింది. ఆఖరి మలుపులో కుడి మోకాలు రెండంగుళాలు ఎత్తాను.

తెల్లటి ఈస్టర్ గౌను మీద, ఎర్ర కారు కార్పెట్ మీద పులుసు. అంకుల్ కారాపి నా మోకాలు చూశారు, మొహం చూశారు. దిగి డాడీతో, "ఓడిపోయాను బ్రదర్. స్ప్రింగులు మరీ గట్టి," అన్నారు.

పోయినేడు అంకుల్ వాళ్లు ఉద్యోగం మారి దూరాన ప్లేనో అనే ఊరికి వెళ్లిపోయారు. వెళ్లే ముందు ఎర్ర కారు అమ్మేశారు. వీడ్కోలు చెప్పే రోజు నన్ను పక్కకి పిలిచారు.

"ఆ రోజు మోకాలెత్తావు కదూ, అమ్మడూ?"

"మరి డాడీకి ఎందుకు చెప్పలేదంకుల్?"

"దారంతా గిన్నె పొదివి పట్టుకున్నదానివి, ఊరికే ఒలకబోస్తావా? కార్పెట్‌దేముంది, కడుక్కుంటే పోయె."

ఇప్పుడు చర్చికి సొంత బిల్డింగ్ ఉంది, భోజనం కేటరింగ్ వాళ్ల అల్యూమినియం ట్రేల్లో వస్తుంది, మమ్మీ ఆదివారం పులుసు కాచడం మానేసి చాలాకాలమైంది. ఈ సీట్లో ఎవరి ఒళ్లోనూ ఏమీ ఉండదు. ఇదంతా, మోకాలి సంగతితో సహా, తమ్ముడికి టైప్ చేసి పంపాను. క్షణంలో జవాబు: "సో ఎర్రదే గెలిచింది కదక్కా! చీటర్!"

గెలిచింది, నిజమే. నేను చీటర్‌నే, అదీ నిజమే. కానీ ఆ ఒక్క గిన్నె దాటించడానికి ఎర్ర కారు దారంతా ఆకుపచ్చ కారులా నడవాల్సొచ్చింది. మరి ఏది గొప్ప కారంటారు? ఎర్రదే అనేవాళ్లెవరో ఒకసారి ఒళ్లో పులుసు పెట్టుకుని చెప్పండి, చూద్దాం?