పూలు వెయ్యని వైపు

చీరాల నుంచి మార్టూరు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో తెల్లటి పింగాణీ ఫ్లవర్ వాజ్ ఉంది. దాని మీద ఒకవైపు ఎవరో చేత్తో పత్తిపూలు వేశారు. రెండోవైపు ఏమీ లేదు.

“ఇంట్లోకా అండీ?” అని అడిగాను.

“చర్చికమ్మా. చనిపోయిన మా అమ్మాయి జ్ఞాపకార్థం ఇస్తన్నాం. ఈ పూలు అదే వేసింది.”

మాది హిందూపురం, నాకు చర్చిలు అలవాటు లేదు. ముందురోజు చీరాలలో ఒక చర్చికి వెళితే, ఫ్యాన్ల మీదా కుర్చీల మీదా పోయినవాళ్ళ పేర్లు రాసి ఉండడం చూసి ఆశ్చర్యపోయాను. ఖాళీ అందుకే వదిలారనుకుని, “ఇక్కడ పేరు రాయిస్తారా?” అన్నాను.

“పాస్టరు గారూ రాయించమన్నారు. నేనే వద్దన్నాను. ఈ వైపు క్రిస్మస్‌కి వేస్తానంది. ఈలోపే జ్వరమొచ్చి పోయింది. అది దాని చోటమ్మా.”

ఆవిడ దిగాల్సిన ఊరొచ్చింది. సంచీ అందుకోవడానికి లేస్తూ వాజ్ నా చేతికిచ్చింది. పడిపోతుందేమోనని రెండు చేతులా పట్టుకున్నాను. ఆవిడ గబుక్కున నా వేళ్ళను ఖాళీ వైపు నుంచి తప్పించింది.

“ఆ వైపు పట్టుకోమాకమ్మా,” అంది. “వేలిముద్రలు పడితే రంగు అంటుకోదని మా అమ్మాయి చెప్పేది.”