చల్లటి ఇంజిన్ చప్పుడు

2022 నాటి మాట. హిందూపురంలోని నా ఇంజిన్ షెడ్డుకు పెనుకొండ నుంచి షమీమ్ అనే ఆమె ఒక జీపును ట్రాలీ మీద వేయించుకుని వచ్చింది. పట్టుగూళ్లు కొని దారం తీయించే చిన్న యూనిట్ నడుపుతుంది. జీపు ఆమె తమ్ముడు అన్వర్‌ది. బెంగళూరు వైపు మట్టి ట్రాకుల మీద పందేలకు తోలేవాడు. అంతకు ముందటేడు జబ్బు చేసి పోయాడు. విప్పేసిన ఇంజిన్ మూడు గోతాల్లో ఉంది.

"రెండు నూర్ల హార్స్‌పవర్ ఉండేదన్నా. మళ్లీ అట్లే కావాల."

"ఎవరు తోలతారమ్మా?"

"ఎవురూ తోలరు. పొద్దున్నే స్టార్ట్ చేసుకుంటా. మావోడు ఇంట్లోనే ఉండాడనిపిస్తాది."

నా నోరు ఊరుకోదు కదా! "పెరట్లో కట్టేయడానికి రెండు వందల గుర్రాలా తల్లీ!" అన్నాను. ఆమె నవ్వలేదు.

అంత పవర్ రావాలంటే టర్బో ఉండాలి. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసేది అదే. ఆ వేడికి మామూలు పోత పిస్టన్లు ఆగవు, గట్టిగా అచ్చులో నొక్కి చేసిన ఫోర్జ్‌డ్ పిస్టన్లు కావాలి. అందులో రెండు రకాలు. మొండి రకం ఎంత బాదినా తట్టుకుంటుంది, కానీ వేడికి బాగా ఉబ్బుతుంది. అందుకని దానికీ సిలిండర్ గోడకూ మధ్య ఖాళీ, అంటే క్లియరెన్స్, ఎక్కువ వదలాలి. రెండో రకం తక్కువ ఉబ్బుతుంది, తక్కువ ఖాళీ చాలు. పందేలకు పోని బండి కదా అని రెండోదే తెప్పించాను. మిల్లీమీటరును నూరు భాగాలు చేస్తే నాలుగు భాగాలు వదిలాను. పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంకును, ధర్మవరంలో గ్రైండింగ్ చేయించాను. ప్రతి కొలతా మూడుసార్లు చూశాను, గోతాంలోని పాత పిస్టన్లను తప్ప.

తయారైన బండి చూడ్డానికి ఆమె వచ్చిన రోజు ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది. ఎంత మెత్తగా తిరుగుతోందో! నా చెయ్యి మీసం మీదికి పోయింది. షమీమ్ ముఖం మాత్రం వాడిపోయింది.

"ఇది కాదన్నా."

"ఏంది కాదు? ఒక్క చప్పుడుందేమో చూడు!"

"ఆ చప్పుడే లేదన్నా. మావోడి బండి పొద్దున్నే టకటకా తట్టేది. టీ పెడతా వింటాంటి. అది నిలిచినాక వాడు పోతాండె. ఈ బండి ఎవురిదో."

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా చప్పుడు రాకుండా చేయడమే నా పని. "చప్పుడంటే జబ్బమ్మా!" అని కసిరాను. ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంటూ బస్సుకు వెళ్లిపోయింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరుసటి రోజు గోతాం విప్పి అన్వర్ పిస్టన్ చూశాను. మొండి రకం, బాగా అరిగిపోయింది. కొత్తదైతే దానికి నేనైనా తొమ్మిది భాగాలు వదులుతాను. చల్లగా ఉన్నప్పుడు అంత ఖాళీలో పిస్టన్ అటూ ఇటూ గోడకు కొట్టుకుంటుంది. వేడెక్కి ఉబ్బాక ఆ చప్పుడు పోతుంది. మేం దాన్ని పిస్టన్ స్లాప్ అంటాం. ఆమె చెప్పింది అక్షరాలా అదే.

ఇంజిన్ మళ్లీ విప్పాను. అదే సైజులో మొండి పిస్టన్లు తెప్పించి, సిలిండర్లను లోపల రాళ్లతో సన్నగా రుద్ది ఖాళీ పెంచాను. బాగున్న ఇంజిన్‌ను కావాలని తట్టేలా కట్టడం నా జన్మలో అదే మొదలు.

జీపును పెనుకొండ చేర్చిన మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. షమీమ్ తాళం తిప్పింది. టక్ టక్ టక్. ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. కాసేపటికి తట్టడం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆమె చప్పున గేటు వైపు చూసింది.

"వాడు పోయే టైమన్నా ఇది," అంటూ ఇంజిన్ ఆపేసింది. "చల్లారనీ. రేపు మళ్లీ వింటా."

ఇప్పుడు ఎవరైనా బండి తెస్తే, ఎంత పవర్ కావాలో తర్వాత అడుగుతాను. ముందు, ఆ బండి ఎట్లా పలికేదో చెప్పమంటాను. కొందరు నవ్వుతారు. కొందరు చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతారు.