కందులు కొరికే మల్లేశానికి క్లిప్పులు

వికారాబాద్ జిల్లా అయిన మరుసటి ఏడు, జూన్ మొదటి బుధవారం నాకు తాండూరులో డ్యూటీ మొదలైంది. డ్యూటీ అనడం కొంచెం పెద్ద మాట. వికారాబాద్‌లో నాకు సొంత క్లినిక్ ఉండేది. తాండూరులో ఒక దంతవైద్యుని క్లినిక్‌కు వారానికి ఒక రోజు విజిటింగ్ కన్సల్టెంటుగా రైల్లో వెళ్లేవాణ్ణి. విజిటింగ్ కన్సల్టెంటు అంటే బయట బోర్డు మీద పేరుంటుంది, లోపల కుర్చీ ఉండదు. బుధవారం పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఓనరు డాక్టరు తన కుర్చీ నాకు అప్పగించి, పక్క గదిలో టీ తాగుతూ, దాన్ని నేను ఎన్నిసార్లు ఎత్తి దించుతున్నానో చప్పుడును బట్టి గమనించేవాడు.

నా పని వంకర పళ్లను వరుసలోకి తేవడం. జనం భాషలో క్లిప్పుల డాక్టరును. ప్రతి పంటికీ ముందువైపు ఒక చిన్న లోహపు ముక్క అంటిస్తాం. దాన్ని బ్రాకెట్ అంటారు. బ్రాకెట్లన్నిటి గుండా ఒక తీగ వేస్తాం. తీగ తన అసలు ఆకారానికి రావాలని చూస్తుంది, పళ్లు దాని వెంట నెమ్మదిగా జరుగుతాయి. నాలుగు వారాలకోసారి తీగ మార్చడమో బిగించడమో ఉంటుంది. బిగించాక మూడు నాలుగు రోజులు పళ్లు సలుపుతాయి, మెత్తని అన్నం కూడా గట్టిగా తగులుతుంది. ఈ చివరి మాట నేను రోజుకు పదిసార్లు చెప్పేవాణ్ణి. దాని అర్థం నాకు పూర్తిగా బోధపడింది మాత్రం డిసెంబరులో.

మల్లేశం ఆ ఆగస్టులో బిడ్డను తీసుకొని వచ్చాడు. కుల్కచర్ల వైపు గొర్ల మంద ఉన్న ఇంట్లో పుట్టి, తాండూరులో పంట కొనుగోళ్లు జరిపే ఒక అడ్తి దుకాణంలో కుదురుకున్న మనిషి. నలభై దాటాయి. బిడ్డ శిరీష తొమ్మిదో తరగతి. పైపళ్లు పెదవి దాటి ముందుకొచ్చాయి. నేను ఆమె నోరు చూస్తుంటే మల్లేశం నా నోరు చూస్తున్నాడు. పళ్లను బట్టి గొర్రె వయసు చెప్పడం వాళ్ల ఇంటి విద్య. కాసేపు చూసి నాకు యాభై ఆరని తేల్చాడు. ఒక్క ఏడు తప్పాడు. ఆ తప్పు కూడా నాకు అనుకూలంగా జరగలేదు.

శిరీష క్లిప్పులకు ఒప్పుకోలేదు. బడిలో నవ్వుతారట. తండ్రి బతిమాలాడు, కొత్త సైకిలు కొనిస్తానన్నాడు. ఆమె సైకిలు సంగతి వదిలేసి తండ్రి కింది పళ్లను నాకు చూపించింది. అవి బస్సు ఆగకముందే డోరు దగ్గర గుమిగూడిన జనంలా ఉన్నాయి.

"నువ్వు ఏయించుకుంటే నేను ఏయించుకుంట నాయినా. నన్నొక్కదాన్నే నవ్విచ్చుడెందుకు?" అంది.

మల్లేశం నావైపు చూశాడు. నేను ఉన్నది చెప్పాను. ఇరుకు సందుల్లో బ్రష్ పోక పాచి గట్టిపడింది, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, ముందు శుభ్రం చేసి తరవాత వరుసకు తేవచ్చు, దీనికి వయసు అడ్డం కాదు. అతను మాటంటే మాటేనని బిడ్డతో చెయ్యి కలిపాడు. ఇద్దరికీ ఒకే బుధవారం క్లిప్పులు వేశాను. తినకూడనివి చెప్పాను: చెరుకు, మక్క కంకి, వేయించిన పల్లీలు, జామకాయ, మాంసంలో బొక్కలు. శిరీష ఒక కాగితం మీద రాసుకుంది. ఆ కాగితాన్ని ఆమె ఇంట్లో ఎంత కఠినంగా అమలు చేసిందంటే, మూడు నెలల్లో మల్లేశం రెండు కిలోలు తగ్గాడు.

డిసెంబరు దాకా అంతా సజావుగా జరిగింది. అప్పుడు మల్లేశం కుడివైపు కింది దవడపళ్ల మీది బ్రాకెట్లు ఊడడం మొదలైంది. నేను అంటించి తీగ మళ్లీ బిగిస్తాను, వారం తిరిగేసరికి అతను ఊడిన దాన్ని కాగితంలో చుట్టి తెస్తాడు. మొదట బొక్కల మీద అనుమానపడ్డాను. పల్లీ చట్నీ కూడా మెత్తగా నూరిస్తున్నానని శిరీష సాక్ష్యం చెప్పింది. తరవాత జిగురును అనుమానించి కంపెనీ మార్చాను. ఇక మిగిలింది నా చెయ్యి. దాన్ని అనుమానించాల్సిన అవసరం లేదని నేను అనుకుంటుండగానే, క్లినిక్ అసిస్టెంటు రూతమ్మ సన్నగా దగ్గింది. పనిముట్లు అందించడం, ఫోను ఎత్తడం, అవసరమైన చోట దగ్గడం ఆమె పనులు.

అదే నెలలో ఇంకో వింత. క్లినిక్‌కు పల్లెల నుంచి ఫోనులు వచ్చేవి. కరణ్‌కోట పక్క నుంచి, కుల్కచర్ల నుంచి, ఒకసారి మోమిన్‌పేట్ నుంచి కూడా. అందరిదీ ఒకటే ప్రశ్న: మల్లేశం పండ్లు మళ్లీ ఎప్పుడు బిగిస్తరు? రూతమ్మ ఓపిగ్గా తేదీ చెప్పేది. పేషెంటు వివరాలు బయటివాళ్లకు చెప్పకూడదని మా వృత్తి నియమం. కానీ ఒక మనిషి పళ్ల కోసం మూడు మండలాలు ఆరాటపడుతుంటే నియమం గుర్తుచేయడం బాగుండదనిపించింది. మల్లేశం సర్పంచుగా నిలబడతాడేమోనని నేనూ రూతమ్మా ఒక నిర్ణయానికి వచ్చాం.

ఒక బుధవారం రైలు తొందరగా చేరింది. తాండూరు పోయి కందిపప్పు తేకుండా వస్తే మా ఇంట్లో దాన్ని వైద్యవృత్తిగా లెక్కించరు. అందుకని మార్కెట్ యార్డు పక్కనున్న పప్పు మిల్లుకు నడిచాను. యార్డులో కందులు రాశులు పోసి ఉన్నాయి. రాశి నుంచి రాశికి ఒక గుంపు కదులుతోంది. గుంపు మధ్యలో మల్లేశం. వంగి, చిటికెడు కందులు తీసి, ఒక గింజ నోట్లో కుడివైపు వేసుకొని కొరుకుతాడు. టక్ మంటుంది. ఉమ్మేసి ఒకటే మాట అంటాడు: "ఎండినయ్." లేకపోతే, "పచ్చిగున్నయ్." ఎండినవైతే బేరం ముందుకు పోతుంది, పచ్చివైతే రైతు మళ్లీ ఎండబోసుకోవాలి. దుకాణంలో పని అన్నాడు కదా, చిట్టాలు రాస్తాడనుకున్నాను. ముప్పై రాశుల దాకా చూశాను. ప్రతి టక్కూ నేను స్వయంగా అంటించిన బ్రాకెట్ మీద పడింది.

మధ్యాహ్నం అతను కుర్చీలో కూర్చోగానే, నేను వద్దన్నవి తింటున్నావని కొంచెం గట్టిగానే అన్నాను.

"తింటలేను సారు, కొరికి ఉమ్మేస్తున్న. మా బిడ్డ రాసిన చిట్టీల కందులు లెవ్వు," అన్నాడు.

నిజమే, లేవు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు.

యార్డులో తేమ కొలిచే మిషను ఉంది. కానీ మిషను మాట రైతు నమ్మడు, రైతు మాట కొనేవాడు నమ్మడు, మల్లేశం పన్ను మాట ఇద్దరూ నమ్ముతారు. పద్దెనిమిదేళ్లుగా అది అలా నడుస్తోంది. అతను ఇదంతా వివరిస్తుండగా అతని సేటు లోపలికొచ్చాడు. డెబ్బై దగ్గరి మనిషి, తెల్ల ధోవతి. అపాయింట్‌మెంట్ ఉందా అని రూతమ్మ అడిగితే, చేతిరుమాలు విప్పి నా పనిముట్ల పళ్లెంలో పిడికెడు కందులు పోశాడు. బూజు పట్టి నల్లబడి ఉన్నాయి.

"డాక్టర్ సాబ్, మీ బుధవారం అయిన తెల్లారి నా గోదాంల ఏం దిగుతున్నయో సూడుండ్రి," అన్నాడు.

సేటు కోపం లేకుండా, తారీఖులతో సహా చెప్పుకొచ్చాడు. నేను తీగ బిగించిన ప్రతిసారీ మరుసటి మూడు రోజులు మల్లేశానికి పచ్చి కందులు కూడా ఎండినవే. సలిపే పంటికి ప్రతి గింజా రాయిలాగే తగులుతుంది మరి. రెండుసార్లకే రైతులు దీన్ని కనిపెట్టేశారు. ఎండినవి మామూలు రోజుల్లో, పచ్చివి బిగించిన మర్నాడు తేవడం మొదలుపెట్టారు. మోమిన్‌పేట్ రైతుకు వికారాబాద్ మార్కెట్ దగ్గర; అయినా అలాంటి ఒక గురువారం బండి కట్టించుకొని తాండూరు వచ్చాడట. ఫోనుల సంగతి నాకూ రూతమ్మకూ ఒకేసారి అర్థమైంది. ఆమె పక్కకు పోయి, అప్పటికే శుభ్రం చేసి పెట్టిన పనిముట్లను మళ్లీ శుభ్రం చేయసాగింది.

మల్లేశానికి ఇదేమీ తెలియదు. ఈ ఏడు అందరూ బాగా ఎండబోస్తున్నారని రైతులను మెచ్చుకున్నాడట కూడా. కానీ యార్డులో అలా అనుకోవడం లేదు. మల్లేశం పైసలు తిని పచ్చివి దాటిస్తున్నాడని మాట పుట్టింది. సేటు ఆ మాట నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. పై బుధవారం దాకా చూస్తానని, ఈలోగా నోరు ఎప్పటిలాగా కాకపోతే ఆ పనికి ఇంకో నోరు చూసుకుంటానని చెప్పి, తన కందులు మళ్లీ రుమాల్లో కట్టుకొని వెళ్లిపోయాడు.

మల్లేశం తన కుడి దవడ తడుముకున్నాడు. తరవాత, "తీసెయ్యి సారు. పద్దెనిమిదేండ్ల ఇజ్జత్ పోతుంది," అన్నాడు.

శిరీష అప్పుడే బడి నుంచి తన అపాయింట్‌మెంట్‌కు వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. బ్యాగు కింద పెట్టింది. "ఫస్టు నాయి తియ్యుండ్రి సార్," అంది. అరవలేదు, ఏడవలేదు. మాటంటే మాటేనన్న తండ్రి ముఖం చూసింది, అంతే.

ఆమె పళ్లు నాలుగు నెలల్లో సగం దూరం వచ్చాయి. ఇప్పుడు తీస్తే వచ్చిన దారినే వెనక్కి పోతాయి. కుర్చీలో ఉన్న మల్లేశం క్లిప్పులు తీయడం ఇరవై నిమిషాల పని. పట్టుకారు చేతిలోకి తీసుకున్నాను కూడా. తీసేముందు పళ్లు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూసి రాయడం పద్ధతి. దానికి ఒక నీలం కాగితం ఉంటుంది. పళ్ల మధ్య పెట్టి కొరికిస్తే, తగిలిన చోట నీలం మచ్చ పడుతుంది. మల్లేశానికి అన్నిటికంటే ముదురు మచ్చ ఎడమవైపు చిట్టచివర పడింది. పైనా కిందా జ్ఞానదంతాలు రెండూ చక్కగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. వాటికి బ్రాకెట్ లేదు, తీగ లేదు, కాబట్టి సలుపూ లేదు. వేసవిలో ఆ రెండూ పీకించాలని అతని కేస్ షీట్‌లో రాసి పెట్టింది నేనే. ఆ కాగితం తిరగేసి, చేతిలోని పట్టుకారును పక్కన పెట్టేశాను.

ఆ రోజు బిగించలేదు. పళ్లను ఉన్నచోటే పట్టి ఉంచే తీగ ఒకటి వేసి, సీజను అయ్యేదాకా దాన్ని మార్చనన్నాను. ఇకనుంచి కందులు ఎడమవైపు చివరి పంటితోనే కొరకాలన్నాను. మల్లేశం నన్ను గొర్రెకు సైకిలు నేర్పమన్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

దుకాణం నుంచి రకరకాల తేమ ఉన్న కందులు తెప్పించి మిషను మీద కొలిపించాం. శిరీష వాటిని మా మాత్రల కవర్లలో పోసి, నంబర్లు వేసి, తేమ శాతాలు తన నోటు పుస్తకంలో రాసి దాచుకుంది. మొదటిరోజు పది కవర్లు పెడితే పదీ పచ్చివే అన్నాడు మల్లేశం. ఇది నేను ఊహించాల్సింది. దవడ చివర బలం ఎక్కువ. అక్కడ ఏ గింజైనా పేలాలలాగా నలిగిపోతుంది. సలిపే పంటికి అన్నీ ఎండినవి, చివరి పంటికి అన్నీ పచ్చివి.

"పది పెడితే పది పచ్చియంటివి నాయినా. నువ్వు పరీక్ష రాస్తున్నవా, శాపం పెడుతున్నవా?" అంది శిరీష.

గురువారం పదిలో మూడు సరిగ్గా చెప్పాడట. ఆదివారం నాకు డ్యూటీ కాకపోయినా రైలెక్కాను. ఆ రోజు ఏడు. ఓనరు డాక్టరు కూడా టీ వదిలేసి వచ్చి రెండు గింజలు కొరికి, రెండూ తప్పు చెప్పి, తలుపేసుకున్నాడు. మంగళవారం ఫోనులో శిరీష తొమ్మిదని చెప్పింది. ఆ ఒక్కటి ఎందుకు పోయిందో తండ్రితో రాత్రి మూడుసార్లు కొరికించిందట.

బుధవారం పొద్దున యార్డుకు పోయాను. సేటు మిషను తెప్పించి పెట్టాడు. రైతులు చాలామందే చేరారు, కొందరు సొంత కారణాలతో. మల్లేశం ఒక్కో రాశి దగ్గర ఎడమ చెంపకు గింజ వేసి చెప్పడం, వెనకాల మిషను కొలవడం. ఆరు రాశులు ఇద్దరి మాటా ఒకటే. ఏడో రాశిలో మల్లేశం మోచేతి దాకా చెయ్యి పెట్టి గింజ తీశాడు. పచ్చిగున్నయన్నాడు. మిషను ఎండినవంది. జనంలో ఎవరో నవ్వారు. మల్లేశం కదల్లేదు.

"పైన పైన తీస్తివి. లోపట చెయ్యి పెట్టి తియ్యి," అని మిషను పట్టుకున్నతనితో అన్నాడు.

లోపల నుంచి తీసి కొలిచారు. పచ్చివే. రాశి యజమాని ఆ సమయంలో రోడ్డు మీద పోతున్న బస్సును శ్రద్ధగా చూస్తున్నాడు. మోమిన్‌పేట్ వాస్తవ్యుడని తరవాత తెలిసింది.

సేటు శభాష్ అనలేదు. "నిలబడితివేంది? ఎనిమిదో రాశి కాడికి నడువు," అన్నాడు. మల్లేశం నడిచాడు. పైసలు తిన్నాడన్న మాట యార్డులో మళ్లీ వినపడలేదు.

రూతమ్మ ఆ తరవాత ఫోనులో తేదీలు చెప్పడం మానేసి, అడిగినవాళ్ల పళ్లు ఎలా ఉన్నాయని తిరిగి అడగడం మొదలుపెట్టింది. ఇద్దరు నిజంగానే వచ్చి చూపించుకున్నారు.

మల్లేశం తీగను కందుల సీజనులో బిగించకుండా, మిగతా నెలల్లో బిగిస్తూ, మామూలుగా రెండేళ్లలో అయ్యే పనిని మూడేళ్లు చేశాను. శిరీషకు ఏడాది ముందే పూర్తయింది. క్లిప్పులు తీశాక పళ్లు పాత చోటికి పోవాలని చూస్తాయి కాబట్టి, రాత్రిపూట రిటైనర్ అనే పారదర్శకమైన తొడుగు పెట్టుకొని పడుకోవాలి. చాలామంది నెల రోజులు పెట్టుకొని డబ్బాలో మరిచిపోతారు. ఆ ఇంట్లో మరిచిపోయే వీలు లేదు. ఇద్దరూ ఒకరి డబ్బా ఒకరు తనిఖీ చేస్తారు.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. పళ్లు నమలడానికి, మాట్లాడడానికి, నవ్వడానికి అని కాలేజీలో చదువుకున్నాం. పరీక్షలో అదే రాశాం, మార్కులూ వచ్చాయి. మల్లేశం తరవాత, పోయిన ఏడు రిటైరయ్యేదాకా, ప్రతి కొత్త పేషెంటునూ ముందుగా అడిగాను: తినడం కాక ఈ పళ్లతో ఇంకేం పని చేస్తావు? దర్జీ దారం తెంపుతానన్నాడు. కరెంటు పనిచేసేవాడు వైరు ఒలుస్తానన్నాడు. ఒక పెళ్లికూతురు ఏమీ చేయనంది. చెల్లెలు పక్క నుంచి ముంజేయి చూపించింది. అన్నీ రాసుకున్నాను. ఏ పంటిని ముట్టుకోవాలి, ఏ నెలలో ముట్టుకోకూడదు అన్నది దాన్ని బట్టి నిర్ణయించాను. ఆ ప్రశ్న అడగడానికి అర నిమిషం పడుతుంది. అడగకపోతే ఎంత పడుతుందో పైన రాశాను.