గంప కింది నల్ల కోడి

మున్నీ... నువ్వు అన్నం తిననని మారాం చేస్తే పన్నెండు గుడ్ల కోడి కథ చెప్పేదాన్ని, యాదికుందా? ఒక్కో కోడిపిల్ల పేరు మీద ఒక్కో ముద్ద... పన్నెండు ముద్దలూ తినేదానివి. ఆ కథలో నేను అబద్ధం చెప్పాను బిడ్డా. అసలు జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. నలుగురూ చదివినా సరే...

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో, పక్కింట్లో రాజవ్వ పెద్దమ్మ ఉండేది. తన బిడ్డ కాన్పుకని కామారెడ్డి దవాఖానకు పోతూ, పెరట్లో మేకను, కోళ్లను నాకు అప్పజెప్పింది. నాకు తొమ్మిదేళ్లు. రెండో తరగతికే బడి మాన్పించారు, ఇంట్లోనే ఉండేదాన్ని.

పోయేముందు పెద్దమ్మ కొట్టం మూలకు గడ్డి పరిచి, గుడ్ల మీద నల్ల కోడిని పొదగేసింది. పిల్లి రాకుండా పైన గంప బోర్లించింది.

"రోజూ పొద్దుగాల గంప లేపి దీన్ని కిందికి దించు పిల్లా. జొన్నలు తిని, నీళ్లు తాగినంక మళ్ల ఎక్కియ్యి. గుడ్ల మీద కూసున్నంక దానికి ఆకలి యాదికుండదు."

మేకకు తుమ్మకాయలు ఏరుకొచ్చి పెట్టాను. మిగతా కోళ్లకు నూకలు చల్లాను. నల్ల కోడిని దించబోతే చెయ్యి మీద పొడిచింది... రక్తమొచ్చింది. భయమేసి మళ్లీ గంప ముట్టలేదు. సందులోంచి గుప్పెడు జొన్నలు విసిరేదాన్ని. నడి ఎండాకాలం... నీళ్లు మాత్రం పెట్టలేదు.

"నల్ల కోడి తిన్నదానే?" అని మా అవ్వ రోజూ అడిగేది.

"ఆ... తిన్నది."

ఆరో రోజు పెద్దమ్మ వచ్చి గంప లేపింది. కోడి గుడ్ల మీదే ఉంది, రెక్కలు చాపి, అన్నిటినీ కప్పుకొని... ప్రాణం లేదు. చుట్టూ జొన్నలు పడేసినవి పడేసినట్టే ఉన్నాయి.

"రోజూ దించినవా?"

"దించిన పెద్దమ్మా."

ఆమె ఆ జొన్నల్ని చూసింది. నా చేతి మీది పుండును చూసింది. కామారెడ్డి నుంచి తెచ్చిన బూందీ పొట్లం విప్పి నా చేతిలో పోసింది.

"ఎండ జోరుగున్నది తియ్యి... నువ్వు తిన్నవా బిడ్డా?"

తిట్టినా బాగుండేది. ఆ బూందీ నేను తినలేదు.

నీకేమో పన్నెండు పిల్లలూ బయటికొచ్చాయని చెప్పాను...

నువ్వు కామారెడ్డిలో గది తీసుకొని చదువుకుంటూ జ్వరమొచ్చి పడుకుంటే, రోజూ ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగాను. "తిన్ననే అమ్మా" అన్నావు. నాలుగు రోజులూ అదే మాట, నాలుగు రోజులూ నమ్మాను. ఐదో రోజు దవాఖాన నుంచి ఫోనొచ్చింది... మళ్లీ నువ్వు ఇంటికి రాలేదు. ఒక్క బస్సెక్కితే వచ్చి చూసేదాన్ని కదా మున్నీ. 'తిన్న' అనే అబద్ధం ఎట్లా ఉంటుందో నాకు తెలియనిదా...

ఇప్పుడు మా వాడలో పెరళ్లూ లేవు, పొదిగే కోళ్లూ లేవు. ఊరికి పోతే తాళమేసి పోతారు, ఎవరికీ ఏదీ అప్పజెప్పరు. ఇది చదివే మీకు చిన్నప్పుడు ఎవరైనా ఇట్లా ఒక జీవాన్ని అప్పజెప్పి పోయారా? ఉంటే నాకు రాయండి.

రాసేది తర్వాత... ముందు లేచి అన్నం తినండి. కడుపునిండా తినండి.