కడ్డీని పట్టుకున్న ఎముక

నల్లా తెల్లా అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన ఏడాది చెరకు మిల్లు మెట్ల మీంచి పడి మా ఆయన తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు డర్బన్‌లో ఆపరేషన్ చేశాడు. తొడ ఎముకలో దింపిన కడ్డీలాంటిదే మరొకటి నా చేతికిచ్చాడు. దాని పైభాగం వెల్ల వేసిన గోడలా గరుగ్గా, తెల్లగా ఉంది.

"ఈ పూత ఎముకలో ఉండే పదార్థమేనమ్మా. బాగా వేడిచేసి లోహం మీద చల్లుతారు. ఎముక దీన్ని పరాయిదనుకోదు, మీదికి పెరిగి పట్టేసుకుంటుంది. అందాకా కాలు మీద బరువు పడనివ్వకండి. కడ్డీ కదిలితే మధ్యలో మెత్తటి పొర పెరుగుతుంది. ఇక పట్టు ఉండదు."

మంచం మీంచి మా ఆయన నవ్వాడు. "ఏటే, నీతోనే ఇన్నేళ్లు అతుక్కున్నాను, ఇనపముక్కతో అతుక్కోలేనా?"

"నోరు మూసుకుని పడుకో ముసలోడా," అన్నాను.

చంకకర్రలు వదిలాక మునుపటిలాగే నడిచాడు. కొన్నేళ్లు మిల్లుకీ వెళ్లాడు. ఒక సాయంత్రం టీ తాగుతూ గుండె ఆగి పోయాడు.

దహనశాలలో ఇనుము తీసి పారేస్తారట. మా మరిది మాత్రం ఆ కడ్డీని అడిగి, బూడిదతో పాటు తెచ్చాడు. దాని చుట్టూ కాలిన ఎముక పెంకులా అంటుకుని ఉంది. నది సముద్రంలో కలిసేచోట, కర్మ చేయించే పంతులు దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"అస్థి ఒక్క ముక్క కూడా నీళ్లలో కలపకుండా మిగలకూడదమ్మా. ఇనుము నీళ్లలో కలపకూడదు. గోకి తీయండి."

మరిది జేబులోంచి చాకు తీసి గీకాడు. కాస్త పొడి రాలింది, అంతే. "హైబో వదినా!" జులూవాళ్లలా నోరు తెరిచాడు. "ఇది ఊడదు. రాయెట్టి కొడతాను."

రాయి తీయడానికి వంగాడు. అతని చెయ్యి పట్టుకున్నాను.

"వొగ్గీ నాయనా. కాల్చినా వదల్లేదు. కొట్టి వదిలించకు."

"మరి శాస్త్రం?"

"పాపమైతే నాది."

పంతులు ముఖం సముద్రం వైపు తిప్పుకుని మంత్రం మొదలుపెట్టాడు. నీళ్లలోకి దిగి, బూడిద కుండలో పాలు పోసి వదిలాను. అది తెల్లగా పరుచుకుని అలతో పాటు కదిలి వెళ్లిపోయింది. తర్వాత కడ్డీని రెండు చేతులతో వదిలాను. అది ఎక్కడికీ వెళ్లలేదు. నా కాళ్ల ముందే మునిగింది.

ఎటు చూసి ఏడవాలో తెలియక నీళ్లలోనే నిలబడ్డాను.