ఒక్కో పిల్లకీ ఒక్కో కప్ప

ఈ ఉదయం వాన వెలిశాక పెరటి వెనక మడిలో కప్పలు బెకబెకమన్నాయి. డైరీ రాస్తున్న కలం ఆపి కాసేపు విన్నాను. ఆ చప్పుడు వింటే నాకు బందరులో జువాలజీ చెప్పిన కరుణమ్మగారు గుర్తొస్తారు.

అరవైల మొదట్లో నేను ఎస్సెల్సీ పాసయ్యాను. డాక్టరు కావాలని నా కోరిక. మెడిసిన్‌లో సీటు రాకపోతే పెళ్లి చేసేస్తానని నాన్న ముందే చెప్పారు. అందుకని ముదినేపల్లి నుంచి పీయూసీకి ఎక్కడికి పంపాలన్నది ఇంట్లో పెద్ద తగువైంది. మావయ్య బెజవాడలో పెద్ద కాలేజీ అన్నాడు. "బందరులో ఆ చిన్న కాలేజీలో చేరిస్తే డాక్టరు కాదు బావా, కాంపౌండరవుతుంది" అని నవ్వాడు. రెండూ చూసి రమ్మంది అమ్మ. బెజవాడ కాలేజీ ల్యాబులో కోతకు పెట్టిన ఒక కప్ప చుట్టూ ఆరుగురు మూగి ఉన్నారు. వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తున్నాయి. బందరులో కరుణమ్మగారు మమ్మల్ని బల్ల దగ్గరకు తీసుకెళ్లి, "ఇక్కడ ఒక్కో పిల్లకీ ఒక్కో కప్పండీ. కోసినా, పాడుచేసినా తనదే" అన్నారు.

"మరి సీటొస్తుందాండీ?" అని నాన్న అడిగారు.

"అది నేను చెప్పలేనండీ. చెయ్యి మాత్రం వణకదు."

నేను బందరే అన్నాను.

శనివారాలు ఆవిడ మమ్మల్ని తెలుగు, చరిత్ర చదివే పిల్లల ముందు నిలబెట్టేవారు. ఆ వారం నేర్చుకున్నది వాళ్లకు చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు గుండె గురించి పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పి, "అర్థమైందా?" అన్నాను. అందరూ తలలూపారు.

"తలదేముంది, గంగిరెద్దూ ఊపుతుంది. రత్నం, నువ్వు చెప్పు" అన్నారు కరుణమ్మగారు. చరిత్ర చదివే రత్నం బిక్కమొహం వేసింది. ఈసారి గుండె కవాటాలను కాలువ లాకులతో పోల్చి చెప్పాను.

"ఓస్, లాకు తలుపు సరిగ్గా పడకపోతే నీళ్లు వెనక్కొచ్చినట్టు నెత్తురూ వెనక్కొస్తుందన్నమాట! ముందే చెప్పొచ్చుగా!" అంది రత్నం. నేను చెప్పనిది కూడా తనే చెప్పేసింది.

గుంటూరులో సీటొచ్చింది. "కాంపౌండరు గారూ, కాస్త నాడి చూడండి" అంటూ మావయ్యే ముందుగా చెయ్యి చాపాడు.

తర్వాత దివిసీమలో చాలా ఏళ్లు పనిచేశాను. మందు చీటీ ఇచ్చాక "అర్థమైందా" అని ఎవరినీ అడగలేదు. "ఇంటికెళ్లి ఏం చెబుతావమ్మా? నాకోసారి చెప్పు" అనేదాన్ని. "ఈ డాక్టరమ్మ దగ్గర మందుకీ పరీక్షే" అని వరుసలో వెనకవాళ్లు సణిగేవారు. ఎదుటివాళ్లు తప్పు చెబితే కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుని మళ్లీ మొదటినుంచి చెప్పేదాన్ని.